ఒక్క మర కూడా మిగల్లేదు

కుతాయిసిలో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.
రెండు ఆదివారాలు నా పాత నీవా ముందు వంగి
కార్బురేటర్ విప్పాను, కడిగాను,
మరలన్నీ కోడిగుడ్ల అట్టలో వరసగా పేర్చుకున్నాను.
బిగించాక చూస్తే అట్ట ఖాళీ.
ఒక్క మర కూడా మిగల్లేదు.
అదీ నా ధీమా.

తాళం తిప్పితే దగ్గింది.
మళ్ళీ తిప్పితే ఆ దగ్గు కూడా లేదు.
ప్లగ్గులన్నాను. పెట్రోలు కల్తీ అన్నాను.
బండి నాకు అంటగట్టినవాణ్ణి తిట్టాను,
దీన్ని తయారుచేసిన దేశాన్ని కూడా,
అదిప్పుడు పటంలో లేకపోయినా సరే.

పిట్టగోడ మీద కూర్చుని వాఝా,
బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు అరిగిపోయినవాడు,
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
ఒక్కటే అడిగాడు:
"విప్పినప్పుడు ఆ బెజ్జంలో ఏం కుక్కావు?"

వెన్నులో చలి పాకింది.

లోపల ఏదీ పడకూడదని
త్సిసానా పాత చొక్కా చెయ్యి చింపి
నేనే కదా కుక్కింది.
నా జాగ్రత్తే, నా చేత్తోనే,
దాని గొంతులో.

మళ్ళీ విప్పాను. అట్టలోకి మళ్ళీ మరలు.
చీకటి పడింది. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
పటకారుతో లాగితే వచ్చింది,
పెట్రోలు ఓడుతూ, అంచులు పీలికలై.

"వచ్చేసింది!" అని అరిచాను.

టీ తెచ్చిన త్సిసానా
గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి
వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.
ఒక్క మాట తిట్టలేదు.
"మణికట్టు దగ్గర బొత్తాం ఉండాలే దీనికి," అంది.

మిగిలిన గింజలు జేబులో పోసుకుని
వాఝా గోడ దిగుతున్నాడు.