తుడవని మూల

బ్లైనైలో వాన గురించి ఎవరూ మాట్లాడుకోరు,
ఒంటిమీది చొక్కా గురించి మాట్లాడుకోనట్టే.
పలకరాతి గుట్టల మీద ముసురు,
నా షెడ్డు రేకుల మీద ముసురు.
ఇద్వల్ పరీ గారి పచ్చ కారు అద్దం మీద మాత్రం
అది ముసురు కాదు, తగాదా.

అరవై రెండులో పుట్టిన రెండు సీట్ల బండి.
కాలిఫోర్నియా ఎండలో ముప్పై ఏళ్ళు కాగి
ఓడెక్కి తిరిగొచ్చింది.
ఎవరో స్టీరింగును ఎడమ నుంచి కుడికి మార్చారు,
పెడళ్ళు మార్చారు, ముళ్ళ డయళ్ళు మార్చారు,
వైపర్లను మరిచిపోయారు.
అవి ఇంకా ఎడమ సీటుకే కొలువు చేస్తున్నాయి.
దొర లేచి పక్కకు జరిగాడని
వాటికి ఎవరూ కబురు పెట్టలేదు.

కుడివైపు, సరిగ్గా ఆయన కళ్ళకెదురుగా
జానెడు ముక్కోణం,
ఏ రబ్బరూ తాకని నీళ్ళు.

ఎడమ సీట్లో అక్క ఎలీనెడ్.
ఎనభై దాటింది, ఒళ్ళో తోలు సంచి,
చూపు మాత్రం గద్దది.
"గొర్రె," అంటుంది.
ఆయన బ్రేకు వేస్తాడు.
"మలుపు. కుడికి. ఇంకా. చాలు."
"పాలబండి."
"మళ్ళీ గొర్రె. పోయినవారం గొర్రే."

ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు.
తండ్రి మేపిన కొండవాలు ఆయన అమ్మేసినప్పటి నుంచి
ఉప్పు కావాలన్నా ఎవరికి వారే లేచి తెచ్చుకుంటారు.
గురువారం సంతకు పోయే ఈ తొమ్మిది మైళ్ళూ,
అదీ వాన పడితేనే,
ఆవిడ నోరు తెరుస్తుంది.

ఈ ఏడు తనిఖీ చేసేవాడు తల అడ్డంగా ఊపాడు.
కారు నా దగ్గరికొచ్చింది.

డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను.
మోటారులో గ్రీజు
ముదురుపాకంలా గడ్డకట్టి ఉంది.
పురి తిరిగిన తీగ ఒకటి గొట్టంలో ముందుకీ వెనక్కీ పాకుతూ
రెండు బుల్లి పళ్ళచక్రాలను ఆడించేది.
వాటి పళ్ళు ఒకపక్కే అరిగాయి,
ఒకే దవడతో నమిలే ముసలివాడిలా.

పాత రంధ్రాలు రెండూ వెల్డు చేసి మూశాను.
కొత్తవి నాలుగంగుళాలు కుడికి.
డ్రిల్లు ఆనించాక కూడా
చాలాసేపు బటను నొక్కలేదు.
అరవై ఏళ్ళ రేకు, రంగు కూడా అసలుదే.
టీ తాగొచ్చి నొక్కాను.

తుక్కుదొడ్లో ఒక బేకరీ వ్యాను నుంచి
రెండు వేగాల మోటారు.
వంపు అటుది ఇటైన చేతులు.
పనయ్యాక ఏ వైపు తిరిగి పడుకోవాలో కూడా
వాటికి మొదట్నుంచీ నేర్పాల్సొచ్చింది,
స్విచ్చు ఆపితే నిట్టనిలువుగా ఆగిపోయేవి,
దండం పెడుతున్నట్టు.
రెండు రోజులు పట్టింది అందుకే.

పైపుతో నీళ్ళు కొట్టాను.
ఇద్వల్ గారు సీట్లో కూర్చుని చూశాడు.
ఇన్నేళ్ళూ ఎడమకు ఒరిగి నడిపిన మెడ
ఒక్కసారిగా నిటారుగా రాలేదు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.
బాగుందనలేదు.

మరుసటి శుక్రవారం
ఎలీనెడ్ గారు గొడుగేసుకుని నడిచొచ్చింది.
"నా మూలలో నీళ్ళు పెట్టావు నెరిస్."
నిజమే. ముక్కోణం ఎక్కడికీ పోలేదు,
సీటు మారింది అంతే.
మూడో వైపరు పెట్టొచ్చమ్మా, అన్నాను,
చోటుంది, తీగ పొడిగిస్తే సరి.

ఆవిడ జవాబివ్వలేదు. బల్ల మీది
అరిగిన పళ్ళచక్రాన్ని గోటితో తిప్పింది.
"నిన్న అడిగాను వాణ్ణి. ఏం కనిపిస్తోందిరా అని."
ఏమన్నాడు?
"వాన, అన్నాడు."
గొడుగు విదిల్చింది.
"మూడు మైళ్ళు పోయాక, గొర్రె, అన్నాడు.
పక్క అద్దం దించి చూశాను.
రాయి అది."

ఆ చక్రాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.
మూడో వైపరుకు ధర ఎంతో
అడగలేదు.