ఆశ్రయపురం బోర్డు

ఏటుకూరు రోడ్డులో రేకుల షెడ్డు మందిరానికి
బోర్డు రాయడానికి ఒప్పుకున్నాను.
అడ్వాన్సు ఆరొందలు,
మిగతాది కోత పండగ కానుకలయ్యాక.
పేరు హెబ్రోను.
హకి ఎత్వం, బకి ఓత్వం, కింద క్రారవడి.

గుంటూరులో నేను రాయని ఊరు లేదు.
సంగడిగుంటలో బేతేలు,
లాలాపేట సందులో షిలోహు,
నల్లపాడు మలుపులో బెయేర్షెబా.
ఎక్కడో నిజంగానే ఉన్నాయట అవి,
కొన్ని మట్టిదిబ్బలై,
కొన్ని ఇంకా పొయ్యి వెలిగించుకుంటూ.
నాకు మాత్రం అన్నీ నీలం మీద తెలుపే,
అడుగు లెక్కనే.

నిచ్చెన పట్టుకుంది తబితమ్మ.
ముప్పై ఏళ్ళు బైబిలు స్త్రీగా
ఇల్లిల్లూ తిరిగి పగిలిన మడమలు.
"హెబ్రోనంటే ఏందనుకున్నావు?
పరాయి నేల మీద పెళ్ళాం చచ్చిపోతే
పాతిపెట్టడానికి జానెడు చోటులేని ముసలాయన
నాలుగొందల తులాల వెండి తూచి
గుహ కొన్నది అక్కడే.
ఊరికే తీసుకో అన్నాడు దాని ఆసామి.
ఈయన వద్దన్నాడు.
ఊరికే ఇచ్చింది ఊరికే లాక్కుంటారు.
మన సమాధుల దొడ్డికి
ఇవాళ్టికీ పట్టా లేదు, గుర్తుందా?"

రాస్తూనే ఉన్నాను. ఎత్వం కొంచెం వంకర పోయింది.

అరుగు మీద సైదులు.
మూడు రాత్రుళ్ళుగా అక్కడే పడుకుంటున్నాడు.
మిర్చియార్డులో టిక్కీలు దించేసి
ఖాళీ లారీతో పోతుంటే
ఎడ్లపాడు దాటాక పొగమంచు,
పొగమంచులో సైకిలు,
సైకిలుకి రెండు పాల క్యాన్లు.
"తెల్లగా మంచమ్మా, తెల్లగా పాలు.
ఇంకో రంగు చూడకుండా వచ్చేశా."
పాలాయన తమ్ముళ్ళు వెతుకుతున్నారు,
ఆటోల్లో, కర్రల్తో.

తబితమ్మ నిచ్చెన వదిలేసింది.
నేను రేకు పట్టుకు వేలాడాను.
ఆమె వేళ్ళు మడుస్తోంది:
"కెదెషు, షెకెము, హెబ్రోను.
ఏరు దాటితే బేసెరు, రామోతు, గోలాను.
ఆరు ఊళ్ళు, ఆశ్రయపురాలు.
కట్టెలు కొడుతుంటే
పిడి నుంచి గొడ్డలి ఊడి
పక్కవాడి మీద పడిందనుకో,
పగ లేదు, పన్నాగం లేదు,
వాడు పరిగెత్తి అక్కడికి పోవచ్చు.
దారులు బాగుచేసి ఉంచేవాళ్ళు.
కూడలి కూడలికీ బోర్డు పెట్టి
'ఆశ్రయం' అని రాసేవాళ్ళట,
ఆగి దారి అడిగే పని లేకుండా.
ఇది గ్రంథంలో లేదు, తర్వాతి పెద్దలు చెప్పింది."

"ఆ బోర్డులు రాసిందెవరు?" అన్నాను పైనుంచి.
"నీలాంటోడే. పేరు ఎవరు రాస్తారు?"

సైదులు అడిగాడు,
"పోతే లోపలికి రానిస్తారా?"
"వాకిట్లో నిలబడి జరిగింది చెప్పాలి. రానిస్తారు.
తర్వాత విచారణ.
ఆశ్రయమంటే తప్పించుకోడం కాదు నాయనా."
"ఎన్నాళ్ళుండాలి?"
"ప్రధాన యాజకుడు పోయేదాకా.
ఆయన తల్లి
ఆ ఊళ్ళల్లో వాళ్ళకి అన్నం, బట్టలు పంపేదట,
తన కొడుకు చావాలని
వాళ్ళు మొక్కుకోకుండా."

సైదులు ముందు పళ్ళెంలో గోంగూర, అన్నం.
కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.
"ఆ పాలాయనకి తల్లి ఉందామ్మా?"

యార్డు వైపు నుంచి గాలి తిరిగింది.
ముగ్గురం తుమ్మాం,
ఒకరి తర్వాత ఒకరం, ఆగకుండా.
కళ్ళనీళ్ళు ఎవరివి ఘాటువో
ఎవరివి కావో తేలలేదు.

తెల్లారి టేషన్‌కి బయల్దేరారు ఇద్దరూ.
ముందు తబితమ్మ గొడుగు,
వెనక చెప్పుల్లేకుండా సైదులు.
వాడి లుంగీ తడి ఆరలేదు.
మలుపు దాకా చూసి
మిగిలిన తెలుపుతో
పేరు కింద ఒక బాణం గీశాను.

పాస్టరు గారు వచ్చి చూసి,
"బాణం ఎందుకయ్యా, తలుపు ఎదురుగానే ఉందిగా?"
జవాబు తోచలేదు.

బాణానికి డబ్బులు అడగలేదు.
అడగాల్సింది.