పద్నాలుగు వందల పన్నెండు

ముప్ఫై ఒక్క ఫ్లాట్లకు లాటరీ తీశారు.
ఒడీలియాది పద్నాలుగు వందల పన్నెండో నంబరు.

ఈ ఊరి పిల్లల్ని బడికి చేర్చే పసుపు బస్సు ఆమెదే.
ఏ గేటు దగ్గర ఏ కుక్క మొరుగుతుందో తెలుసు,
ఎవడు చేతి తొడుగులు మరిచిపోతాడో తెలుసు.
మూడుంబావుకి లేస్తుంది
హడ్సన్ అవతల, రెండు కౌంటీలు దాటి.

పోయినేడు టౌన్ హాల్లో ఒకాయన లేచి
"నాలుగంతస్తులు కడితే
మా టమాటా మడి మీద నీడ పడుతుందండీ" అన్నాడు.
నిజమే. పడుతుంది.
నవంబరులో, మూడు దాటాక.

పునాది గుంట పక్కన సిగ్నల్ పడ్డప్పుడల్లా
మూడో అంతస్తు రాబోయే చోట
ఉత్త గాలిలోకి చూస్తుంది ఒడీలియా.
అక్కడ ఎవరిదో వంటింటి దీపం
హాయిగా,
ఆరున్నరకి వెలుగుతుంది.