దొంతిగుట్ట చుట్టు

పొద్దున ఐదుంబావు.
నార్సింగి దాటాక వీధి దీపాలు తెగిపోయే చోట
ఆటో ఆపి యాసీన్ భాయి
మఫ్లరు చెవుల మీదికి లాక్కుంటాడు.
"గంటే మేడం. చలికి ఇంజను గూడ బిగుసుకుంటది."

జిలేబి ముందే దూకేసింది,
పేరంతా తోకలోనే ఉంది దానికి.
మేజరును మాత్రం పొట్ట కింద చేతులేసి దించాలి.
పదమూడేళ్లు. వెనక కాళ్లు
ఒకదాన్నొకటి అడిగి గానీ కదలవు.

మేజరు నాది కాదు.
మూడో అంతస్తు సుభాషిణిగారిది.
మోకాళ్ల ఆపరేషనయ్యాక
ఆవిడ నడకను కూడా నేనే నడుస్తున్నాను.
తిరిగి వెళ్లాక లెక్క అప్పజెప్పాలి:
తంగేడు పూసిందా,
కముజు పిట్టలు లేచాయా,
ఏనుగు బండ దగ్గర వీడు ఆగాడా,
చుట్టు పూర్తయిందా.

రాయి మీద చెయ్యి వేస్తే
రాత్రంతా ఎవరూ పడుకోని పక్కలా చల్లగా ఉంది.
కుండల దొంతిలా ఒకదాని మీదొకటి బండలు,
ఎవరో దించబోయి మరిచిపోయినట్టు.
ఆకు రాల్చిన సీతాఫలం పొదల్లో
జిలేబి ముక్కు దూర్చి తుమ్ముతుంది.
మేజరు తుమ్మడు. వాడికి దారి కంఠతా వచ్చు.
ఎడమకి ఎక్కి, ఏనుగు బండ చుట్టి,
కుడి నుంచి దిగి, మళ్లీ ఆటో దగ్గరికి.
పది చలికాలాలుగా ఇదే గుండ్రం,
అదే బండ మీద వాడి సంతకం.

ఇవాళ ఏనుగు బండ లేదు.
మొన్న ఆదివారం ఉంది. ఇప్పుడు
దాని చోట ఆకాశం ఉంది,
మంచులో ఆకుపచ్చ వల కట్టిన రేకులూ,
కింద ఎక్కడో డ్రిల్లు మిషను పక్కన
చలి కాచుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లూ.
బాట అంచు దాకా వచ్చి
మాట మధ్యలో ఫోను మోగినవాడిలా ఆగిపోయింది.

జిలేబి మొరిగింది. మొరిగి,
ఉడతను చూసి మరిచిపోయింది.
మేజరు అంచున నిలబడి
ముక్కెత్తి
లేని బండ వాసన చూశాడు.
చాలాసేపు చూశాడు.
వెనక కాలు అలవాటుగా సగం లేచి,
ఎదురుగా ఏమీ లేక
మెల్లగా కిందికి దిగింది.

వచ్చిన దారినే వెనక్కి తిరిగాం.
ఎక్కేటప్పుడు వీపులు చూపిన బండలన్నీ
ఇప్పుడు ముఖాలు చూపించాయి,
ఒక్కదాన్నీ గుర్తు పట్టలేకపోయాను.
మేజరు రెండుసార్లు దారి తప్పాడు.

యాసీన్ భాయి "ఇంత జల్దీ?" అన్నాడు.

మూడో అంతస్తులో
సుభాషిణిగారు వాకరు పక్కకి నెట్టి
వాడి పాదాలు ఒళ్లోకి తీసుకున్నారు.
బొచ్చుకు అంటిన ముళ్లగింజలు ఏరుతూ
తంగేడు అడిగారు, చెప్పాను.
పిట్టలు అడిగారు, చెప్పాను.
అప్పుడు వేళ్ల సందున తెల్లటి పొడి తగిలింది,
ముగ్గుపిండి లాంటిది, ముగ్గుది కానిది.
రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.
మూడో ప్రశ్న అడగలేదు.

తడిగుడ్డతో ఒక్కో పాదం తుడుస్తూ,
తుడిచిన దాన్నే మళ్లీ తుడుస్తూ
"చాయ్ పెట్టుకోమ్మా,
వీడికి పాలు కాస్త వెచ్చగా" అన్నారు.