చిడియా

సజ్జా క్యాంపు ఎనుక, సిమెంటు దుమ్ము పడే జాగల
శుక్రారం పొద్దుగాల్ల ఫిలిప్పీనోళ్లు సున్నంతోని గీతలు గీస్తుండ్రు.
ముగ్గేమో అనుకున్నం.
బేస్‌బాల్ అన్నడు రోడెల్.
నాలుగు మూలలు సుట్టి
బయలెల్లిన కాడికి తిరిగొస్తెనే పరుగు లెక్కనట.
"గట్లయితే మనకెర్కున్న ఆటనే" అన్నడు భూమేశ్.

బంతొకటి మా దిక్కు దొర్లుకుంట వచ్చింది.
తీస్కొని వాపసు ఇసిరిండు, గంతే.
రోడెల్ చేతుల పడ్డ సప్పుడుకు
రొట్టెలు కాల్చే పఠాను గూడ మర్రి చూసిండు.

యాడ నేర్చినవ్ అని అడిగిండ్రు.
మెట్‌పల్లి అవతల జొన్నచేన్ల
మంచె మీద పదేండ్ల పోరడు
వడిసెల తిప్పి పిట్టల కొట్టిన ముచ్చట
వచ్చీరాని హిందీల ఏం చెప్తడు?
"చిడియా" అన్నడు, చెయ్యి గిర్రున తిప్పి.
ఆనాటి సంది ఆళ్లకు వాని పేరే చిడియా.

నాలుగేండ్లు.
ఆరు దినాలు సెంట్రింగ్ చెక్కలు మోసిన భుజం
ఏడో దినం వానిదయ్యేది.
ఎనుక కూసుండి పట్టేటోన్ని నేను.
చిట్టీ పైసలు కట్టని వారం బంతి వంకర తిరిగేది.
బిడ్డ నడిచిందని ఫోనొచ్చిన నాడు
మెత్తగ, తిన్నగ వచ్చింది,
అవతలోళ్లు గట్టిగ కొట్టిన బంతి అదొక్కటే.
జపాన్ కంపెనీ ఇంజనీరు ఒకాయన
మూడు మాట్ల గాలిని కొట్టి
టోపీ తీసి, నడుం వంచి దండం పెట్టిండు వానికి.
మా ఫోర్మన్‌కు వాని పేరు గూడ తెల్వది.

ఆగస్టు. బుధారం రాత్రి.
"ఏసీ జర తక్కువ పెట్టురి" అని పండుకున్నడు.
పొద్దుగాల బస్సు మూడు మాట్ల హారన్ కొట్టింది.
ఇరవై తొమ్మిదేండ్లు.
కాయిదంల సహజ మరణమని రాసిండ్రు.
వాని చెయ్యి చూసినోడైతే ఆ మాట రాయకపోవు.

డబ్బ కదలనీకి పద్దెనిమిది దినాలు.
ముద్ర మీద ముద్ర.
నడుమ రెండు శుక్రారాలు
రోడెల్ వచ్చి గీతలైతే గీసిండు.
నడిమిట్ల ఎవ్వడు నిలవడలే.

సామాన్ల లిస్టు రాసింది నేనే:
రెండు లుంగీలు, జండూబామ్,
నడిస్తె ఎర్రగ మెరిసే చిన్న బూట్లు.
గ్లౌజు రాయలే.
దొంగతనమే, ఒప్పుకుంట.

మొన్న వాని పెండ్లాం లావణ్య ఫోన్ చేసింది.
"శుక్రారాలు ఏదో ఆట ఆడేటోడట గదా అన్నా, ఏం ఆట?"
క్రికెట్ అని చెప్పిన.
కార్డుల పైసలు తక్కువున్నయి,
డ్యూటీ బస్సు వచ్చింది,
ఇంకేమేమో సాకులున్నయి నా దగ్గర.