పొసగడం

సాంతా ఇఫిజీనియా వీధిలో మూడో గ్యాలరీ,
మేడ మీద, మెట్ల పక్కన, తొమ్మిదో నంబర్ బల్ల నాది.
పేరు జందీరా. పంతొమ్మిదేళ్లుగా
నోట్లో రెండు స్క్రూలు పెట్టుకునే బేరాలాడుతున్నాను.

మంగళవారం, ముసురు. గొడుగు దులుపుకుంటూ వచ్చాడు
సాంతోస్ నుంచి దోరివాల్. అరవై దాటిన మనిషి.
సముద్రానికి దిగే కొండ రోడ్డు మీద
ముప్పై ఏళ్లు బస్సు నడిపాడట.
ఎడమ కంటికి పొర కమ్మాక లైసెన్సు లాక్కున్నారట.
"బస్సు తోలే ఆట ఒకటుందటగా," అన్నాడు,
"దానికి మిషను కట్టు. అన్నిటికంటే పెద్ద కార్డు వెయ్యి."

మేనల్లుడు రాసిచ్చిన కాగితం విప్పాడు.
కొండంత దేవుణ్ణి నిలబెట్టి
చారెడు పత్రి రాశాడు పిల్లాడు.
పైన మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు.
అడుగున, సిగ్గుపడుతున్నంత చిన్న అక్షరాల్లో
"పవర్ సప్లై: ఏదో ఒకటి."

ఏదో ఒకటి.
ఆ మాటకో వాసనుంది, నాకు తెలుసు.
ఇక్కడ గోడలో నూట ఇరవై ఏడు వోల్టులు,
కొండ దిగితే సాంతోస్‌లో రెండు వందల ఇరవై.
నేను కొత్తలో కట్టిచ్చిన ఓ చవక డబ్బాకి
వెనక ఎర్ర మీట ఉండేది, గోరంత.
జరపడం మరిచాను.
కుర్రాడు ఇంటికెళ్లి ప్లగ్గు పెట్టాడు.
మర్నాడు దాన్ని నా బల్ల మీద పెట్టినప్పుడు
తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.
మూడు నెలల జీతం పోయింది. వాసన పోలేదు.

అందుకని దోరివాల్‌ని స్టూలు మీద కూర్చోబెట్టాను.
టేపు తీసి పెట్టె లోపల కొలిచాను.
ఇరవై తొమ్మిది సెంటీమీటర్ల చోటు,
ముప్పై మూడు పొడుగు కార్డు.
మెమరీ పలకకి గాటు ఒక చోట, బోర్డు గాడికి ఇంకో చోట.
"అది పట్టదు, సరే," అన్నాడాయన,
"పట్టేవన్నీ పనికొస్తాయా?"

మంచి ప్రశ్న. తీగల బుట్ట తీశాను.
ఒక కంపెనీ తీగ
ఇంకో కంపెనీ డబ్బాలోకి
టక్కున దిగుతుంది, వెన్నలో కత్తిలా.
మీట వేశాక గాని తెలీదు,
లోపల ప్లస్సు ఉండాల్సిన చోట మైనస్సు ఉందని.
పట్టడం వేరు, పొసగడం వేరు.

పెన్సిలుతో లెక్క వేశాను.
కార్డుకి రెండు వందలు, ప్రాసెసర్‌కి అరవై అయిదు,
మిగతా గుంపుకి ఇంకో అరవై.
"మరి ఆరు వందల యాభై ఎందుకు?
నా డబ్బులేమైనా చెట్టుకి కాస్తున్నాయా?"
"కొండెక్కేటప్పుడు ఇంజన్ని ఆఖరిదాకా తొక్కేవాడివా?"
"ఛ. సగంలో ఉంచేవాణ్ణి.
అలా అయితేనే వెనక సీట్లో పిల్లలు నిద్రపోతారు."
అని, తనే ఆగిపోయాడు.

కార్డు తగ్గించాం. రెండు ఫ్యాన్లది, పొట్టిది.
మిగిలింది డబ్బా మీద పెట్టాం.
మీట లేనిది, గోడలో ఏ వోల్టున్నా తనే సర్దుకునేది.
చేత్తో బరువు చూశాడు.
బరువు నమ్మొద్దన్నాను,
లోపల ఇనప ముక్క అంటించిన డబ్బాలు కూడా విప్పాను నేను.
"దీన్నెవరూ చూడరు కదా," అన్నాడు.
"చూడరు."
"మా డిపోలో వాల్దెసీర్‌ని కూడా ఎవరూ చూసేవాళ్లు కాదు.
బ్రేకులు వాడే సరిచేసేవాడు."

శుక్రవారం రాత్రి ఫోను.
"వేలు మీట మీదే ఉంది. నొక్కనా?"
"నొక్కు."
టక్.
ఏమీ వినబడలేదు. నా ముక్కు
ఇక్కడ, డెబ్బై కిలోమీటర్ల అవతల,
గాలిని వాసన చూసింది.
తర్వాత సన్నగా, తుమ్మెద దూరంగా పోతున్నట్టు
ఫ్యాను తిరిగింది.

థాంక్స్ చెప్పలేదు. ఫోను పెట్టెయ్యడం మరిచాడు.
దాన్ని బల్ల మీద పెట్టుకుని
ఎవరిదో మదర్‌బోర్డుకి టంకం వేస్తున్నాను.
చాలాసేపటికి, ఎక్కడో మలుపు దగ్గర,
రెండుసార్లు హారన్ మోగింది.