వాదర

ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సంతలో
తడిగడ్డి మీద పరిచిన దుప్పటి,
పింగాణీ కుక్కలకీ మూత లేని టీ కూజాకీ నడుమ
నాలుగు పౌండ్లకు దొరికింది ఈ మంగలికత్తి.
అది తెరుచుకుంటుందని కూడా తెలీదు అమ్మినామెకు.

వారమంతా ఆసుపత్రి నేలమాళిగలో
సర్జన్ల కత్తులు ఆవిరిలో ఉడకబెట్టే ఉద్యోగం నాది.
ఇంటికొచ్చీ మళ్ళీ కత్తేనా, అంటుంది హైమ.
అవి ఎవరివీ కావు, అంటాను. ఇది ఎవరిదో.

వాక్లీ కొండవాలున అద్దె ఇల్లు,
వంటగది బల్ల మీద పాత పేపర్లు.
ముందు రివెట్ తల అరగదీసి పిడి విప్పాలి.
గేదె కొమ్ము. ఎండి, పొరలు లేచి, పురుగు తొలిచి.
నూనెలో మూడు రోజులు నానితే
నలుపు అడుగు నుంచి తేనెరంగు చార ఒకటి పైకి తేలింది.
ఏ గేదెదో, ఏ రేవులో ఓడెక్కిందో,
నాకంటే నూరేళ్ళు ముందొచ్చి
వీసా లేకుండానే ఈ ఊళ్ళో స్థిరపడింది.
గరుకు కాగితం తగలగానే
కాలిన వెంట్రుకల వాసన. కిటికీ తెరిచాను.

తర్వాత అలుగు.
నాలుగువందల నంబరు కాగితం, ఆరువందలు, వెయ్యి, రెండువేలు.
తుప్పు ఎర్రగా కారి, బూడిదై,
చివరికి నీళ్ళలో ఏమీ లేకుండా పోతుంది.
గుంటలు మాత్రం పోవు.
మశూచి మచ్చల్లా అలాగే ఉంటాయి.

పక్కింటి ఐరీన్ స్టానిఫోర్త్‌కి ఎనభై ఆరు.
పదిహేనో ఏట నుంచీ ఒంటికి అట్టకాగితం చుట్టుకుని
చెంచాలకు మెరుగుపెట్టిన మనిషి.
గోడ మీంచి చెయ్యి చాచి కత్తి అందుకుని,
కళ్ళజోడు తీసేసి, బొటనవేలితో చూసింది.
'పేరు దగ్గర ఆగు అబ్బాయ్.
మెరుపు మోజులో పడి పేరు చెరిపేస్తారు చాలామంది.'
మెడ దగ్గర సన్నటి అక్షరాలు:
థ్రెల్‌గేట్ అండ్ సన్స్, షెఫీల్డ్.
'చేసింది వీళ్ళేనా?'
నవ్వింది, పళ్ళసెట్టు కదిలేలా.
'అది కొట్టు పేరు.
సానపట్టి, రాతిపొడి పీల్చి,
నలభైకే దగ్గి దగ్గి పోయినవాడి పేరు
ఎవరు చెక్కుతారు?'

మొన్న లీడ్స్‌లో మనవాళ్ళ విందు.
నా ఆదివారాల సరదా చెబుతుంటే
పెరుగన్నం కలుపుతూ ఒకాయన అడిగాడు:
'ఏవిటీ, మీవాళ్ళది ఆ పనా?'
అబ్బే, కాదండీ, అన్నాను.
నిజమే చెప్పాను.
కానీ ఎంత త్వరగా చెప్పాను!
మిరపకాయ కొరికినవాడు నీళ్ళందుకున్నంత త్వరగా.
తిరిగొచ్చే దారిలో వాన,
తోలుపట్టా మీద కత్తిలా వైపర్లు అటూ ఇటూ.
దీన్ని ఎన్నో నంబరు కాగితంతో రుద్దాలో
షెఫీల్డ్ వచ్చేదాకా తేలలేదు.

చిన్నప్పుడు మా అరుగు మీద
నా తల వంచి పట్టుకున్నవాడొకడు.
సత్తుగిన్నెలో నీళ్ళు, పటికముక్క,
పొదిలోంచి తీసిన కత్తి.
చల్లటి రెండు వేళ్ళతో నా చెవిని ముందుకు మడిచి
'కదలకు దొరా' అనేవాడు,
ఎనిమిదేళ్ళ నన్ను.
అతణ్ణి పిలిచే మాట ఒకటుండేది మా ఇంట్లో.
పేరు కాదు. పని.
పేరు ఎవరూ అడగలేదు.
నేనూ.

ఇవాళ రాయి మీద నూరాను, తోలు మీద లాగాను.
హైమ దువ్వెనలోంచి ఒక వెంట్రుక తీసి
వాదర మీద వదిలాను.
రెండుసార్లు వంగి జారిపోయింది.
మూడోసారి, చప్పుడు లేకుండా, రెండైంది.

అద్దం ముందు, నురగ పూసుకుని,
మొదటి గీత గీయబోతుంటే
ఎడమచెయ్యి దానంతటది లేచి
చెవి పక్క చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి పట్టింది.
ఈ పట్టు నాకెవరూ నేర్పలేదు.

దవడ కింద చిన్నగా తెగింది.
పటిక కోసం వెతికాను.
ఇంట్లో లేదు.